‘కిల్లింగ్ దెమ్ సాఫ్ట్‌లీ’ చూసినవాళ్లకు ఒక ప్రశ్న: తప్పు చేయని మార్కీని ఎందుకు చంపాలి?

పెన్నాగట్టు, ప్రొద్దుటూరు

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎక్కువగా తెలుగు సినిమాల చర్చే జరుగుతుందని తెలుసు. కానీ ఈ సినిమా గురించి మాట్లాడదామంటే మా ఊళ్లో నాకు ఒక్కరూ దొరకలేదు. కథ మొత్తం చెప్పేస్తున్నాను. చూడాలనుకునేవాళ్లు ముందు చూసి రండి, గంటా ముప్పై ఏడు నిమిషాలే.

2012లో వచ్చిన సినిమా. ఆండ్రూ డొమినిక్ రాసి తీశాడు. జార్జ్ వి. హిగ్గిన్స్ 1974లో రాసిన క్రైమ్ నవల దీనికి ఆధారం. డొమినిక్ ఆ పాత కథను 2008లోకి తెచ్చి పెట్టాడు. లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా తీసిన రోజులు, బ్యాంకులను ఆదుకోవడానికి అమెరికా ప్రభుత్వం 70,000 కోట్ల డాలర్ల పథకం తెచ్చిన రోజులు, ఒబామా గెలిచిన రోజులు. సినిమా అంతా ఎక్కడో ఒక చోట టీవీ మోగుతూనే ఉంటుంది. బార్‌లో టీవీ, కారులో రేడియో. బుష్ మాట్లాడుతుంటాడు, ఒబామా మాట్లాడుతుంటాడు. ముందు మాత్రం దొంగలు, పేకాటలు, హత్యలు.

కథ చిన్నది. మార్కీ అనే ఆయన పేకాట శిబిరం నడుపుతుంటాడు. రే లియోటా వేశాడు ఆ పాత్ర. గతంలో ఒకసారి తన ఆటను తానే మనుషుల్ని పెట్టి దోచుకున్నాడు. అప్పుడు కొట్టి అడిగినా ఒప్పుకోలేదు. చాలా రోజుల తర్వాత నవ్వుతూ తానే బయటపెట్టుకున్నాడు. అందరికీ ఇష్టమైన మనిషి కాబట్టి వదిలేశారు. ఆ సంగతి తెలిసిన జానీ ఒక లెక్క వేస్తాడు. ఇప్పుడు ఆ ఆటను మనం దోచుకుంటే అనుమానం మళ్లీ మార్కీ మీదికే పోతుంది కదా అని ఇద్దరు కుర్రోళ్లను పంపిస్తాడు. అనుకున్నట్టే అవుతుంది. దోపిడీ తర్వాత ఊళ్లో ఆటలన్నీ ఆగిపోతాయి. మళ్లీ మొదలు కావాలంటే ఎవరికో ఒకరికి శిక్ష పడినట్టు నలుగురికీ కనపడాలి. ఆ పనికి జాకీ కోగన్‌ను పిలిపిస్తారు. బ్రాడ్ పిట్ వేశాడు.

నన్ను పట్టుకుని వదలనిది ఇక్కడే. మార్కీ ఈసారి ఏమీ చేసి ఉండడని జాకీకి తెలుసు. అయినా చంపాల్సిందే అంటాడు. బయట అందరూ మార్కీనే చేశాడని అనుకుంటున్నారు, వదిలేస్తే రేపు ప్రతి కుర్రోడూ ఆటల మీద పడతాడు అంటాడు. కోపం లేదు, పగ లేదు. అంగట్లో సరుకు లెక్క చెప్పినట్టు చెప్తాడు. ముందు ఇద్దరు మనుషులు మార్కీని వానలో అతని ఇంటి ముందే కొడతారు. అతను ‘నేను కాదు, నేను చేయలేదు’ అంటూనే ఉంటాడు. వాంతి చేసుకుంటాడు. తర్వాత ఇంకో రాత్రి, కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, జాకీ పక్క కారులోంచి కాల్చేస్తాడు. ఆ సీనును చాలా నెమ్మదిగా, అద్దం ముక్కలూ వాన చుక్కలూ విడివిడిగా కనపడేలా తీశారు. అందంగా ఉందని చాలామంది రాశారు. నేను ఆ సీన్ రెండోసారి చూడలేకపోయాను. దానికన్నా ముందు ఉన్న దెబ్బల సీన్ అయితే మొదటిసారే ఆపేశాను. మళ్లీ మరుసటి రోజు పెట్టుకున్నాను.

ఎందుకో చెప్తాను. మా నాయన ఒక డిపాజిట్ల కంపెనీలో రోజువారీ కలెక్షన్ ఏజెంటుగా చేసేవాడు. కంపెనీ పేరు రాయను. సాయంత్రం నాలుగింటికి మోపెడ్ మీద బయల్దేరి గాంధీ రోడ్డు, శివాలయం వీధి, మైదుకూరు రోడ్డు తిరిగి రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరేవాడు. బంగారు పని చేసే ఆచారులు, గాజుల బండ్లవాళ్లు, టీ అంగళ్లు, గుడి దగ్గర పూలమ్మే ఆమె. రోజుకు పది, ఇరవై. రశీదు పుస్తకంలో నీలం కార్బన్ పేపరు పెట్టి రాసేవాడు, దానికి ఎప్పుడూ ఒక రబ్బరు బ్యాండు. వందకు మూడు రూపాయలు కమీషన్. 2003లో దసరాకు ముందు, అమ్మవారిశాల దగ్గర లైటింగు కడుతున్న రోజుల్లో, ఒక సోమవారం ఆఫీసు షట్టరు తెరవలేదు.

ఆ రాత్రి మా ఇంటి ముందు నలభై మంది దాకా ఉన్నారు. నాకు పదమూడేళ్లు. ఒకాయన నాయన చొక్కా పట్టుకున్నాడు. ఆయన పరాయివాడు కాదు, మా అమ్మ పిన్నమ్మ కొడుకు, నేను మామా అని పిలిచే మనిషి. ‘నీకు తెలీకుండానే మూసినారా? నీకు తెలీదా?’ అని ఒకటే మాట. నాయన ‘నాకు తెల్దు బావా, నిజంగా తెల్దు’ అని చెప్తూనే ఉన్నాడు. చెంప మీద దెబ్బ పడింది. అమ్మ నన్ను వంటింట్లోకి లాగేసింది.

కంపెనీ పెట్టినవాళ్ల ముఖం నేను ఆ రోజూ చూడలేదు, ఈ రోజుకీ చూడలేదు. ఆఫీసు కడపలో ఒకటి, హైదరాబాదులో ఒకటి ఉండేదట. జనం అంత దూరం ఎక్కడ పోతారు? మా ఇల్లు మైదుకూరు రోడ్డుకు రెండు సందుల అవతల. నాయన చివరికి చాపాడు దగ్గర కేసీ (కర్నూలు–కడప) కాలువ కింద ఉన్న ఎకరా ఇరవై సెంట్ల మడి అమ్మి కొందరికి కట్టాడు.

అందుకే అడుగుతున్నాను. సినిమా చివర్లో జాకీ బార్‌లో కూర్చుని ఉంటాడు. టీవీలో ఒబామా గెలిచిన రాత్రి ప్రసంగం వస్తుంటుంది, మనమంతా ఒకే జనం అన్నట్టు. జాకీ దాన్ని కొట్టిపారేస్తాడు. అందరూ సమానమని రాసిన జెఫర్సన్ సొంత పిల్లల్నే బానిసలుగా ఉంచాడంటాడు. అమెరికా దేశమే కాదు, ఒక వ్యాపారం, నా డబ్బు నాకివ్వు అంటాడు. అంతే, సినిమా అయిపోతుంది. ఈ మాట జాకీదా, డైరెక్టరుదా? మార్కీకి జరిగింది అన్యాయమని సినిమా ఒప్పుకుంటుందా, లేక ‘వ్యాపారం అంటే ఇంతే’ అని జాకీతో పాటు తలూపుతుందా? మూడుసార్లు చూశాను. తేల్చుకోలేకపోతున్నాను. మీరెలా చూశారో చెప్పండి.

———

టవర్‌క్లాక్, అనంతపురం

తమ్ముడూ, ముందు మీ నాయనగారి గురించి. నేను ముప్పై ఒక్క ఏళ్లు బ్యాంకులో చేసి రిటైరైనాను. మా బ్రాంచి పక్కనే ఇలాంటి కంపెనీ ఒకటి మూతపడినప్పుడు, దాని ఏజెంటు ఒకాయన మా క్యాష్ కౌంటరు వెనక దాక్కున్నాడు. టీ తెప్పించి ఇస్తే గ్లాసు పట్టుకోలేకపోయాడు, చేతులు అంత వణికాయి. అందుకే మీరు రాసింది నాకు కళ్లకు కట్టింది.

ఇక సినిమా. నాకు బాగా నచ్చింది జాకీ కాదు, అతనితో కారులో కూర్చుని మాట్లాడే ఆయన, రిచర్డ్ జెంకిన్స్. ఆ పాత్రకు పేరే లేదు, డ్రైవరు అంటారంతే. కారు నడిపే ఉద్యోగి కాదు, పైవాళ్ల తరఫున మాట్లాడే మధ్యమనిషి. ఆ పైవాళ్లు ఎవరో మనకు ఒక్కసారి కూడా చూపించరు. చంపమంటే ‘వాళ్లను అడగాలి’ అంటాడు. ‘ముందు కొట్టి చూద్దామంటున్నారు’ అంటాడు. డబ్బు దగ్గర గీచి గీచి బేరమాడతాడు. నిర్ణయం తీసుకునేవాడు ఒక్కడూ లేడు, అంతా కమిటీ. నేను ఎన్ని మీటింగుల్లో ఆ గొంతు విన్నానో లెక్క లేదు. రికవరీ టార్గెట్ పైనుంచి వస్తుంది. ఎవరు పెట్టారంటే ఎవరూ పెట్టలేదు. ఫైలు మీద చివరి సంతకం మాత్రం ఎప్పుడూ కింది స్థాయి ఆఫీసరుదే. ఏదన్నా తేడా వస్తే ఛార్జిషీటు ఆయనకే. మాఫియాను కంపెనీలా చూపించారని అందరూ అంటారు. నాకైతే కంపెనీ ఎలా నడుస్తుందో ఇంత సరిగ్గా చూపించిన సినిమా ఇంకోటి కనపడలేదు.

మీ ప్రశ్నకు నా జవాబు: అది జాకీ మాటే, సినిమా మాట కాదు. జాకీ అంత పెద్ద మాట దేనికోసం మాట్లాడాడో చూడండి. డ్రైవరు అతను అనుకున్నదానికంటే తక్కువ డబ్బు చేతిలో పెట్టాడు. దాని కోసం జెఫర్సన్ దాకా పోయాడు. అదే డైరెక్టరు చేసిన ఎగతాళి అనుకుంటాను. టీవీలో నాయకుడు ఎంత పెద్ద మాటలు మాట్లాడుతున్నాడో, స్టూలు మీద కూర్చున్న హంతకుడూ అంతే పెద్ద మాటలు మాట్లాడుతున్నాడు.

టీవీ ప్రసంగాల విషయంలో మాత్రం నాకు అసంతృప్తి ఉంది. 2008 సెప్టెంబరు 24న బుష్ దేశానికి చేసిన ప్రసంగంలో మార్కెట్ మీద నమ్మకం పోయిందని చెప్పాడు. పేకాట ఆగిపోవడానికీ కారణం అదే, నమ్మకం పోవడం. ఆ పోలిక ఒకసారి పెడితే అద్భుతం. ప్రతి ఇరవై నిమిషాలకూ పెడితే ప్రేక్షకుడికి తెలివి లేదనుకున్నట్టు ఉంది. అమెరికాలో మొదటి రోజు చూసినవాళ్లు సినిమాస్కోర్ సర్వేలో దీనికి ఎఫ్ ఇచ్చారు. అంత చెడ్డ గ్రేడు దీనికి తగదు, కానీ వాళ్ల విసుగు నాకు కొంత అర్థమవుతుంది.

ఇంకొక్క మాట. పెద్దవాళ్లకు ఎప్పుడూ ఏమీ కాదని మీరు అనుకుంటే దానికి నేను పూర్తిగా ఒప్పుకోను. అమెరికాలో ఆ సంక్షోభానికి సంబంధించి జైలుకు పోయిన పెద్ద బ్యాంకరుగా అందరూ చెప్పేది ఒక్క పేరే, క్రెడిట్ స్విస్ బ్యాంకులో చేసిన కరీం సెరాగెల్దీన్. నష్టాలు దాచానని ఒప్పుకున్నాడు, 2013లో ముప్పై నెలలు పడింది. అంత పెద్ద పతనానికి ఒక్కడంటే మీ మాటే నిజం. కానీ మన దగ్గర సత్యం కంప్యూటర్స్ చూడండి. 2009 జనవరి 7న, లెక్కలు తప్పుగా చూపించానని ఒప్పుకుంటూ దాని ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. రెండు మూడు రోజుల్లోనే పాత బోర్డును తీసేసి ప్రభుత్వం కొత్తవాళ్లను కూర్చోబెట్టింది. కంపెనీ నిలబడింది, వేల మంది ఉద్యోగాలు మిగిలాయి. 2015లో రాజుకు ఏడేళ్ల శిక్ష వేసింది కోర్టు. నమ్మకం నిలబెట్టాలంటే ప్రతిసారీ ఒక మార్కీ అవసరం లేదు. సరైన మనిషిని పట్టుకుని కూడా నిలబెట్టొచ్చు. కొన్నిసార్లయినా అలా జరిగింది.

———

హంద్రీ ఒడ్డు, కర్నూలు

ఈ సినిమా నేను రెండుసార్లు చూశాను. మా కర్నూలోడికి మొదట తట్టేది ఒకటే. మన సీమ పేరు చెప్పి తీసిన సినిమాల్లో హత్యకు ఎప్పుడూ ఒక కారణం ఉంటుంది. పగ, పరువు, తండ్రిని చంపారని. కొండారెడ్డి బురుజు ముందు సుమోలు ఆగుతాయి, వేటకొడవళ్లు బయటికొస్తాయి, పెద్దాయన మీసం మెలేస్తాడు. అలాంటి సినిమాల వల్ల హైదరాబాదులో హాస్టల్లో చేరినప్పుడు నన్ను ‘మీ ఇంట్లో బాంబులుంటాయా’ అని అడిగినవాళ్లు ఉన్నారు. ఆ మాట ఇప్పటికీ మండుతుంది.

ఇక్కడ చూస్తే చంపేవాడికి కోపం లేదు. జాకీకి మార్కీ అంటే అయిష్టమూ లేదు. ఎదుటివాడు ఏడుస్తాడు, అమ్మా అంటాడు, బతిమాలతాడు, అది భరించలేక దూరం నుంచి కాలుస్తానంటాడు. పేరు కూడా దాన్నుంచే వచ్చింది. సొంత చేతులకు ఇబ్బంది లేకుండా చంపడం. పగతో చంపేవాడు కనీసం ఎదుట నిలబడతాడు. నాకు ఈ దూరమే ఎక్కువ భయం పుట్టించింది. కంపెనీలు మనుషుల్ని తీసేసేటప్పుడు కూడా ఇప్పుడు మెయిల్‌లోనే కదా చెప్పేది. మా తమ్ముడి ఉద్యోగం అలాగే పోయింది, ఒక శుక్రవారం సాయంత్రం లాగిన్ పనిచేయలేదు, అంతే.

పెన్నాగట్టు అన్నా, నువ్వు కేసీ కాలువ కింద మడి అమ్మినామన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. ఆ కాలువ చరిత్ర తెలుసా నీకు? దాన్ని మొదట తవ్వింది ప్రభుత్వం కాదు. మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అని లండన్ వాటాదారుల డబ్బుతో పెట్టిన ప్రైవేటు కంపెనీ. 1850ల చివర్లో పెట్టారు. వాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన హామీ ఏంటంటే, పది లక్షల పౌండ్ల పెట్టుబడి మీద ఏటా 5 శాతం వడ్డీ గ్యారంటీ. లాభం వచ్చినా రాకపోయినా. రాకపోతే ఆ వడ్డీ ఎక్కడినుంచి కట్టారు? ఇక్కడి రైతు కట్టిన పన్నులోంచి.

సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డంగా ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా కాలువ లాగారు. నీళ్లకూ, పడవలకూ రెండిటికీ పనికొస్తుందని చెప్పారు. అనుకున్నంత ఆయకట్టు రాలేదు. నల్లరేగడి భూముల్లో రైతులు అంత తొందరగా తడికి మారలేదు, నీటి తీరువా కట్టి నష్టపోతామని వెనకాడారు. మధ్యలో 1876–78 కరువు వచ్చింది. మన జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిన కరువది. లండన్‌లో గ్యారంటీ మాత్రం గ్యారంటీనే. చివరికి 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనేసింది. నష్టపోయిన కంపెనీని జనం డబ్బుతో వదిలించుకున్నారన్నమాట.

బుష్ టీవీలో మాట్లాడుతుంటే నాకు గుర్తొచ్చింది ఇది. 2008లో అమెరికా వాళ్లు ఏదో కొత్తగా చూసి ఆశ్చర్యపోయారు. మన తుంగభద్ర గట్టు మీద అది నూట పాతికేళ్లకు ముందే అయిపోయింది. వాటాదారుడికి గ్యారంటీ ఉంది, రైతుకు లేదు. మీ ఎకరా ఇరవై సెంట్లు పోయింది కూడా ఆ కాలువ కిందే, ఇంకో కంపెనీ చేసిన పనికి. రాత్రి అది తలచుకుని నిద్ర పట్టలేదు నాకు.

డైరెక్టరు ఎవరి పక్షమో అన్న ప్రశ్నకు, నాకు తోచింది చెప్తాను. మార్కీ దెబ్బల సీన్ చూడు, ఎంత సేపు ఉంటుందో. అందంగా ఉండదు, పాట ఉండదు, మూలుగులు వినిపిస్తాయి. జాకీ మాటలతో ఒప్పుకునే డైరెక్టరు అయితే ఆ సీన్‌ను అంతసేపు ఉంచడు. పక్కకు తిప్పేస్తాడు కెమెరా.

———

పెన్నాగట్టు, ప్రొద్దుటూరు

ఇద్దరికీ చాలా థాంక్స్. సార్, ఆ డ్రైవరు పాత్ర గురించి మీరు చెప్పిన తర్వాత ఆ కారు సీన్లు మళ్లీ చూశాను. నాయన ఆఫీసుకు బ్రాంచి మేనేజరు ఒకాయన ఉండేవాడు. షట్టరు మూయకముందు రెండు నెలలు ‘పైవాళ్లతో మాట్లాడినాను, వచ్చే వారం అంతా క్లియర్’ అనేవాడట. ఆయన కూడా పైవాళ్లను చూశాడో లేదో నాకు అనుమానమే. ఇన్నేళ్లూ ఆయన్ని తిట్టుకున్నాను.

సత్యం ఉదాహరణ ఒప్పుకుంటున్నాను సార్. కానీ అక్కడ వేల మంది ఇంజనీర్లు, స్టాక్ మార్కెట్, విదేశీ క్లయింట్లు ఉన్నారు కాబట్టి ఢిల్లీ కదిలింది. గాజుల బండి దగ్గర పది రూపాయలు వసూలు చేసే కంపెనీ కోసం రెండు రోజుల్లో ఎవరు కదులుతారు? మాకు ఒక ఎస్‌ఐ వచ్చి రశీదు పుస్తకాలు జిరాక్స్ తీసుకుపోవడానికే పదకొండు రోజులు పట్టింది. ఇలాంటి డిపాజిట్లకు 1999లోనే మన రాష్ట్రంలో చట్టం ఉందని నాకు లా చదివిన ఫ్రెండు చెప్పేదాకా తెలీదు. కంపెనీ ఆస్తులు జప్తు చేయొచ్చట. మా వీధిలో ఆ మాట ఎవరికీ తెలీదు ఆ రోజుల్లో. తెలిసుంటే నలభై మంది మా ఇంటికి కాకుండా ఎక్కడికి పోవాలో వాళ్లకు తెలిసేది.

హంద్రీ ఒడ్డు, కాలువ సంగతి మా స్కూల్లో ఒక్కరూ చెప్పలేదు. రోజూ దాని గట్టు మీద సైకిలు తొక్కినవాణ్ణి నేను.

———

కుట్టుమిషను, మైదుకూరు

అన్నా, నేను ఇక్కడ రాయడం తక్కువ. ఈ చర్చ చూసి రెండు రోజులు ఊరికే ఉన్నాను. రాయాలా వద్దా అని.

మా అమ్మ కూడా అట్లా ఒక ఏజెంటు ఇంటి ముందు నిల్చుంది. మీ ఊరు కాదు, మీ కంపెనీ కూడా కాదేమో. మాది బట్టలు కుట్టే ఇల్లు. అమ్మ జాకెట్లు కుట్టి రోజుకు పదిహేను రూపాయలు కట్టేది. అక్క పెళ్లికని. పద్దెనిమిది వేల చిల్లర అయింది. పోయింది. ఆ రోజు అమ్మ నన్ను కూడా చెయ్యి పట్టుకొని తీసుకుపోయింది. ఏజెంటు భార్య గడప మీద కూర్చొని ఏడుస్తా ఉంది. మా అమ్మ ఆమెను నోటికొచ్చినట్టు తిట్టింది. వాళ్లిద్దరూ అంతకుముందు వరలక్ష్మీ వ్రతానికి ఒకరింటికొకరు పోయేవాళ్లు.

ఏజెంట్లకు జరిగింది అన్యాయమని మీరంతా రాస్తున్నారు. నేనూ ఒప్పుకుంటాను. కానీ మా అమ్మకు ఎవరున్నారు అడగడానికి? ఆ కంపెనీ అంటే మాకు ఆయనే. బోర్డు మీద పేరు చూసి కాదు, ఆయన్ను చూసి కట్టింది. మా అమ్మ చేసింది తప్పే, కానీ మా అమ్మ బ్రాడ్ పిట్ కాదు కదా. ఆమెకు కోపం ఉంది, డబ్బు పోయింది, అక్క పెళ్లి మూడేళ్లు ఆగింది.

మీరందరూ ఇంతగా రాశారని సినిమా చూశాను. నిన్న రాత్రి, మిషను పని అయిపోయినాక, ఫోన్‌లో. నాకు ఒకటి తక్కువనిపించింది. అంత సంక్షోభం అన్నారు, ఇళ్లు పోయినాయన్నారు. ఆ వీధులన్నీ పాడుబడి, తాళాలేసిన ఇళ్లు వెనక కనపడతానే ఉంటాయి. కానీ ఆ ఇళ్లలో ఉండినవాళ్లు ఒక్కరూ రారు. డబ్బు పోయినవాళ్లంటే పేకాట ఆడినోళ్లే. వాళ్లు రేపు మళ్లీ ఆడతారు. ఆడమనిషంటే సినిమా మొత్తంలో హోటల్ గదిలో కాసేపు కనపడే ఒక్కామే, ఆమెను కూడా ఆ మికీ అనే తాగుబోతు తిడతానే ఉంటాడు. జానీకి పెళ్లామో బిడ్డలో ఉంటే వాళ్లేమైనారు? మార్కీకి అమ్మ ఉందేమో. ఈ సినిమా చూస్తే రాజకీయం, కంపెనీ, హత్య అంతా మగోళ్లు బార్‌లో కూర్చొని తేల్చుకునే సంగతి అనిపిస్తుంది. అది తప్పు. దాని లెక్క తెల్లారినాక గడప మీద తేలుతుంది.

అన్నా, నాకు మీనుంచి ఒకటి తెలుసుకోవాలని ఉంది. మీ ఇంటి ముందుకు వచ్చినోళ్ల మీద మీ నాయనకు ఇప్పటికీ కోపముందా? మా అమ్మ ఆ ఏజెంటు ఊరిడిచి పోయినాక ఆయన పేరెత్తితే లేచి పోయేది. కోపమనుకునేదాన్ని. పోయే ముందు సంవత్సరం చెప్పింది, సిగ్గని.

———

టవర్‌క్లాక్, అనంతపురం

అమ్మా, తాళాలేసిన ఇళ్ల గురించి నువ్వు రాసింది నేను గమనించనేలేదు. వెనక ఉన్నాయి కాబట్టి ఉన్నాయనుకున్నాను. ఈ సినిమా గురించి చదివిన వ్యాసాల్లో కూడా ఈ మాట నాకు ఎక్కడా కనపడలేదు. తమ్ముడి జవాబు కోసం చూస్తాను.

———

పెన్నాగట్టు, ప్రొద్దుటూరు

చెల్లీ, నువ్వు రాసింది చదివి వెంటనే జవాబు రాయలేకపోయాను. మా ఇంటి గడప మీద కూర్చుంది మా అమ్మ కూడా. నువ్వు చూసినామె మా అమ్మ కాదు, తెలుసు. కానీ అట్లాగే అనిపించింది.

నువ్వు అడిగింది ఈ రోజు సాయంత్రం నాయనను అడిగాను. ఆ రాత్రి గురించి ఆయన్ను నేను ఇప్పటిదాకా ఒక్కసారి కూడా అడగలేదు. మిద్దె మీద నీళ్ల తొట్టి దగ్గర కూర్చొని ఉన్నాడు. కోపముందా నాయనా అంటే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘మీ మామ కొట్టినాడని కాదు. రెండో రోజు నుంచి బంగారు అంగళ్లలో నన్ను చూసి షట్టరు సగం దించుకునేవాళ్లు చూడు, అది’ అన్నాడు. వచ్చి తిట్టినోళ్ల మీద మాత్రం లేదంట. పూలమ్మే ఆమె ఒక్కతే రాలేదంట. ఆమె డబ్బు 2,300. ఆమెకే ముందు కట్టినాడంట, మడి అమ్మక ముందే, అమ్మ కమ్మలు తాకట్టు పెట్టి. ఇది నాకు తెలీదు. అమ్మకు కమ్మలు లేవని తెలుసు, ఎందుకో తెలీదు.

లోపలికి పోయి ట్రంకు పెట్టెలోంచి రశీదు పుస్తకాలు తెచ్చాడు. తొమ్మిది ఉన్నాయి. రబ్బరు బ్యాండ్లు కరిగి అట్టకు అంటుకుపోయాయి. చివరి పుస్తకం వెనక పేజీలో అరవై మూడు పేర్లు, కట్టినవాటికి టిక్కు. టిక్కు లేనివి పద్నాలుగు. అందులో ఐదుగురు చనిపోయారని పక్కన చిన్న గీత పెట్టుకున్నాడు. చివరి టిక్కు 2016ది. పదమూడేళ్ల పాటు కడుతూ వచ్చాడన్నమాట, నేను ఉద్యోగంలో చేరినాక నెలనెలా ఇచ్చిన డబ్బులోంచి కూడా.

అందుకే సినిమా గురించి నాకొకటి తేలింది. మార్కీకి జరిగింది అన్యాయమని సినిమాకు తెలుసు. హంద్రీ ఒడ్డు చెప్పినట్టు ఆ దెబ్బల సీన్ నిడివిలోనే తెలుస్తుంది. కానీ చెల్లి చెప్పినట్టు మార్కీ మార్కీగా సినిమాకు తెలీదు. అతనికి ఇల్లు చూపించారు, ఆ ఇంట్లో ఏముందో చూపించలేదు. కాల్చిన తర్వాత అద్దం ముక్కలు ఎట్లా ఎగిరాయో చూపించారు, అతని దగ్గర ఆడుకున్న మనుషులు మరుసటి రోజు అతని గురించి ఏమనుకున్నారో చూపించలేదు. అంతా అయిపోయినాక జాకీకి అంత పెద్ద మాట ఇచ్చి సినిమా ముగించడం నాకు ఇంకా నచ్చలేదు. సార్ అన్నట్టు అది ఎగతాళే కావచ్చు. అయినా ఆఖరి మాట అతనిది కాకుండా ఉండాల్సింది.

నాయన సినిమా చూస్తానన్నాడు. ఏ సినిమా గురించి ఇన్ని రోజులుగా ఫోన్‌లో టైపు చేస్తున్నావని అడిగితే చెప్పాను. దెబ్బల సీన్ ఉందని ముందే చెప్పాను, అయినా పెట్టమన్నాడు. ఇంగ్లిషు ఆయనకు రాదు. తెలుగు సబ్‌టైటిల్స్ వెతికాను, దొరకలేదు. ఎవరి దగ్గరన్నా ఉంటే చెప్పండి. లేకపోతే ఆదివారం నేనే పక్కన కూర్చొని ఆపి ఆపి చెప్తాను. మైదుకూరు చెల్లీ, ఆ టిక్కు లేని తొమ్మిది మందిలో ఒకాయన మీ ఊరికి మారినాడట, టైలరింగ్ మెటీరియల్ అంగడి పెట్టినాడట. పేరు ఇక్కడ రాయను, నీకు మెసేజ్ పెడతాను. తెలిస్తే చెప్పు. ఆయనకు 4,150 ఇవ్వాలి.